కుర్చీ విడువుము, పని విడువకుము

ఉద్యోగము విరమించినవారు ఏటికొకసారి ట్రెజరీకి ఒక పత్రము పంపవలెను. తాము ఇంకను బ్రతికియున్నామని చెప్పుటకే ఆ పత్రము. అది అందనియెడల పింఛను నిలిచిపోవును. సరే, అట్టి పత్రమునే నీ ఊరివారు అడిగినయెడల నీవేమి చూపుదువు? నీవు బ్రతికియున్నట్టు నీ వీధి పిల్లలకు తెలియునా? మంచము పట్టిన నీ పొరుగువానికి తెలియునా?

“ముప్పది యేండ్లు చాకిరి చేసితిని, ఇక నాకెందుకు?” అని అనేకులు అనుచున్నారు. పొలము దున్నువాడు ఈ మాట ఎన్నడైన అనెనా? అతడు నాగలి కొడుకునకు అప్పగించును గాని గట్టు విడువడు. ఏ మడికి నీరు చాలలేదో, ఏ విత్తనము దాచవలెనో చెప్పుచునే యుండును. నాట్లకు పోవు ముసలమ్మకు ఎవరును పదవీ విరమణ సభ చేయరు. “ఇక చాలు” అను మాట జీతగాండ్రమైన మనకే దొరికినది.

ఆ తేదీ మాత్రము ఎవరు పెట్టినది? 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 58 ఏండ్ల హద్దును 55కు దించినది, అది నిలువలేదు. అదే రాష్ట్రములో ఆ హద్దు 2014లో 60, 2022లో 62 ఆయెను. తెలంగాణలో 2021లో 61 ఆయెను. సర్కారు కాగితము మారగానే నిన్నటి ముసలివాడు నేడు పనివాడగుచున్నాడు. అట్టి కాగితమును నీ ఆయుష్షునకు హద్దురాయిగా పాతుకొందువా?

ఊరక కూర్చుండుట ఒక తప్పు. దానికంటె పెద్ద తప్పు మరియొకటి కలదు. నేనెరిగిన యొక సంఘములో ఇద్దరు పెద్దలు ఉద్యోగములు విరమించి స్వగ్రామమునకు వచ్చిరి. ఒకరు బడిపంతులు, ఒకరు కచేరి గుమాస్తా. ఇద్దరికిని సంఘాధ్యక్షుని కుర్చీయే కావలసివచ్చెను. రెండేండ్లు కోర్టు చుట్టు తిరిగిరి. పింఛను డబ్బు వకీళ్లకు పోయెను. ఆ రెండేండ్లును చెప్పువారు లేక ఆదివారపు బడి మూతబడియుండెను. బ్రతుకంతయు పిల్లలకు అక్షరములు దిద్దించిన పంతులుగారు ఆ తలుపు తీయలేదు! దరఖాస్తులు వ్రాయనేర్చిన గుమాస్తాగారు ఒక్క విధవరాలికైనను పింఛను కాగితము వ్రాసిపెట్టలేదు.

పని విడిచిరి, కుర్చీ పట్టుకొనిరి. లేఖనము దీనికి సరిగా ఎదురు చెప్పుచున్నది. సంఖ్యాకాండము 8వ అధ్యాయపు చివరి మాటలు చదివి చూడుము. లేవీయుడు 50 ఏండ్లకు గుడారపు పని మానవలెను. అయితే ఇంటికి పొమ్మని అక్కడ లేదు. తన సహోదరులతో కూడ ఉండి, వారికి అప్పగింపబడినదానిని కాపాడుటలో సాయపడవలెను. బరువు చిన్నవారి భుజముల మీదికి పోయెను. పెద్దవాని చెయ్యి వారి ప్రక్కనే నిలిచెను.

కాటన్ దొరగారిని గోదావరి జిల్లాలవారు బాగుగా ఎరుగుదురు. ఆయన 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగించి, 1860లో ఇక్కడి కొలువు విడిచెను. 1899లో, 96 ఏండ్ల వయస్సున, ఇంగ్లండులోని డార్కింగులో చనిపోయెను. నడుమనున్న దాదాపు 40 ఏండ్లు ఆయన ఊరక కూర్చుండలేదు. ఇండియాకు కాలువలు కావలెనని వాదించుచునే యుండెను. తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి చూచుచుండెను. గోదావరికి అడ్డుకట్ట వేసినవాడు పెరటి మడిని చిన్నతనముగా ఎంచలేదు.

“నాకు మోకాళ్ళ నొప్పులు” అందువేమో. కూర్చుండి చేయు పని లేదా? పంతులుగారూ, సాయంకాలము నలుగురు పిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టి చదివించుడి. నర్సమ్మగారూ, బాలింతరాలి యింటికి ఒకమారు పోయి రండి. గుమాస్తాగారూ, బ్యాంకు కాగితము పట్టుకొని తికమకపడు ముసలివానికి అది చదివి చెప్పుడి. ఈ పనులకు ఎన్నిక లేదు, కుర్చీ లేదు, ఫోటో లేదు. అందుచేతనే పోటీయు లేదు.

సంఘపు పెద్దలారా, మీకును ఒక మాట. శాలువ కప్పి, దండ వేసి, గోడ గడియారమిచ్చి ఇంటికి పంపుట సన్మానము కాదు, సాగనంపుట. ఆ దినమే “అమ్మా, అయ్యా, ఈ పని మీరు చేసిపెట్టుడి” అని అడుగుడి. అడుగువారు లేకనే అనేకులు అరుగుల మీద ఎండిపోవుచున్నారు.

చదువరీ, ముందటి యేడు ట్రెజరీవారు నీ వ్రేలిముద్ర అడుగుదురు. బ్రతికియున్నానని ఆ వ్రేలు నిజము చెప్పవలెను గదా! అట్లయిన ఈ వారమే ఆ చేతితో ఒక పొరుగువాని తలుపు తట్టుము.