రంగు మార్చండి.. నారింజ మొన వదిలేయండి!

నెర్ఫ్ బ్లాస్టర్‌ను కాస్ప్లే ఆయుధంగా మార్చడం కష్టమేం కాదు. మరలు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్, నల్ల రంగు వేసి, అంచులకు వెండి రంగు అద్దితే చాలు.. ప్లాస్టిక్ కాస్తా పాత ఇనుములా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే!

2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల టామిర్ రైస్ దగ్గరున్నది బొమ్మ తుపాకీనే. దానికి నారింజ మొన లేదు. పోలీసు కాల్పుల్లో గాయపడి, మర్నాడే చనిపోయాడు. బ్రిటన్‌లోనైతే 2006 చట్టం ప్రకారం, బొమ్మను అసలు తుపాకీలా మార్చడమే నేరం. సినిమాలు, నాటకాలకు మినహాయింపు ఉంది.

అమెరికాలో చదువుతూ హాలోవీన్‌కి వేషం కడుతున్నారా? ఆ మొన జోలికి వెళ్లొద్దు. దారిలో బ్లాస్టర్‌ను సంచిలోనే ఉంచండి. ప్రాప్ మేకింగ్‌లో కెరియర్ కోరుకునేవాళ్లకు పనితనం ఎంత ముఖ్యమో, ఈ జాగ్రత్తా అంతే!