ఖబర్ తెరిచారు, సబూత్ ఏదీ?

పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక, మియాపూర్‌లో మసీదు పక్క చాయ్ బండి దగ్గర నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కాలిఫోర్నియా కాతిల్ గురించి మాట్లాడుకుంటున్నారు. 1970, 80ల్లో వరసగా ఖూన్లు చేసిన వాణ్ని 2018లో పట్టుకున్నారు. 1980 నాటి హత్య కేసులో దాచిన నమూనాతో దూరపు చుట్టాలను వెతికి, ఖాన్‌దాన్ మొత్తం గీసి, వాడి ఇంటిదాకా వెళ్లారు.

"మన దగ్గర ఆ టెక్నాలజీ ఎప్పుడొస్తుంది భాయ్?" అన్నాడొకడు.

నాకు గుస్సా వచ్చింది. ఎప్పుడో రావడమేంటి మియా? ఇక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హబ్సిగూడలో దిగు. సీసీఎంబీ ఉంటుంది. లాల్జీ సింగ్ 1980ల చివర్లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను మన దేశానికి అందించింది అక్కడి నుంచే. మెషీన్ మన షహర్‌లోనే ఉంది. లేనిది సబూత్‌ను కాపాడే బుద్ధి.

ఆయేషా మీరా గుర్తుందా? విజయవాడ పక్క ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో ఖతల్ అయిన ఫార్మసీ విద్యార్థిని. 2008లో సత్యంబాబు అనే దళిత యువకుణ్ని పోలీసులు పట్టుకొచ్చారు. వాడు కాదని ఆ పిల్ల అమ్మీ అబ్బాలే మొత్తుకున్నారు. అయినా 2010లో శిక్ష పడింది. ప్రాసిక్యూషన్ డీఎన్ఏ రిపోర్టు కూడా చూపించింది. 2017 మార్చి 31న హైకోర్టు దాన్ని నమ్మలేదు, సత్యంబాబును నిర్దోషిగా వదిలేసింది. బేగునా మనిషి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. లక్ష రూపాయలు ఇవ్వమంది కోర్టు. ఆ జవానీకి అదీ ఖరీదు.

సరే, అసలు కాతిల్‌ను వెతుకుదామంటే? హైకోర్టులో అప్పీలు నడుస్తుండగానే విజయవాడ కోర్టులో ఉన్న ఆధారాలు ధ్వంసమైపోయాయి. కేసు చేతికొచ్చిన సీబీఐ, ఆ ధ్వంసం మీదే ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది.

చివరికి 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ పిల్ల ఖబర్ తవ్వారు. టీవీలో చూసి మా అమ్మీ, "మట్టి ఇచ్చిన పిల్లను మళ్లీ లేపుతారా బేటా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనేం చెప్పను? పన్నెండేళ్ల తర్వాత ఎముకల్లో ఆయేషా డీఎన్ఏ ఉంటుంది. చంపినవాడి జాడ దొరకాల్సింది ఆ పోగొట్టిన వస్తువుల మీద. సర్కారు ఒక మూట దాచలేక ఖబర్ దాకా వెళ్లింది.

ఇప్పుడు కానూన్ సంగతి వినండి. 2022 క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, కంటిపాపలు, శరీర నమూనాల వివరాలు 75 ఏళ్లు దాచొచ్చు. అరెస్టయ్యే గరీబుల్లో మనవాళ్లెందరో, దళితులెందరో మీకు నేను చెప్పాలా? మన ఒంటి లెక్క 75 ఏళ్లు. ఖూనీ జరిగిన గదిలో దొరికిన దుప్పటికి మాత్రం దిక్కులేదు.

కొందరు భాయీలు డీఎన్ఏ అంటేనే హుకూమత్ చేతికి ఇంకో లాఠీ అంటారు. డర్ నాకూ ఉంది. కానీ ఇంగ్లండులో 1980ల్లో ఒక హత్య కేసులో మొట్టమొదట డీఎన్ఏ వాడినప్పుడు, అది ముందు చేసిన పని, నేరం ఒప్పుకున్న 17 ఏళ్ల బేగునా కుర్రాణ్ని విడిపించడం. అసలువాడు తర్వాత దొరికాడు. అదే పరీక్ష సరిగ్గా చేస్తే సత్యంబాబులను కాపాడుతుంది, ఆయేషాలకు ఇన్సాఫ్ ఇస్తుంది.

అందుకే మన ముతాలబా ఒక్కటే. కాతిల్ తేలని ప్రతి ఖూనీ కేసులో నమూనాలు తేలేదాకా భద్రంగా ఉండాలి. ముద్దాయి నిర్దోషి అని తీర్పొస్తే ఫైలు మూయకూడదు. మళ్లీ పరీక్షకు పంపాలి. మూట పోతే, దాని మీద దస్తఖత్ పెట్టిన అఫ్సర్ జవాబు చెప్పాలి.

ఆయేషా కాతిల్ ఎవరో ఇప్పటిదాకా ఏ కోర్టూ తేల్చలేదు. ఆ అమ్మీ అబ్బాలను సబర్ చేయమని చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు.