కొట్టం దాకా నెట్టు

పల్లెలకు ఫైబర్ వేసే కేంద్ర పథకానికి 2011లో ఆమోదం దొరికింది. 2015లో దాని పేరు భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ అదే దారిన వచ్చాయి. ఈ పథకాల లెక్కలన్నీ పంచాయతీ ఆఫీసుతో, ఇంటి గడపతో ఆగిపోతాయి. రైతు పని మాత్రం గడప దాటాకే మొదలవుతుంది. ఇంటి వెనక దొడ్డి దాటాక పశువుల కొట్టం, చేను గట్టున మోటారు షెడ్డు. వైఫై అక్కడికి అందదు.

ఇది సోకు కోసం అడుగుతున్న మాట కాదు. ఈనబోయే గేదెను చూడటానికి రాత్రి మూడుసార్లు టార్చిలైటు పట్టుకొని వెళ్లే దారిలోనే పాము కాటేస్తుంది. రాగి కోసం మోటారు కేబుళ్లు కోసుకుపోయే దొంగలు వచ్చేదీ ఆ చీకట్లోనే. కొట్టంలో ఒక కెమెరా ఉంటే మంచం మీద నుంచే చూసుకోవచ్చు. పాడి పని ఎక్కువగా మోసేది ఆడవాళ్లు కనుక, ఈ వెసులుబాటు ముందు వాళ్లకే కావాలి.

అవసరం తెలిసిన వ్యాపారులు ప్లగ్గులో పెట్టే రిపీటర్లు అంటగడుతున్నారు. అది తనకు అందిన సిగ్నల్‌నే మళ్లీ వదులుతుంది. సిగ్నలే లేని కొట్టంలో పెడితే డబ్బు దండగ. పైగా ఇనప రేకులు సిగ్నల్‌ను లోపలికి రానివ్వవు. చెట్లూ అడ్డమే. ఆకు రాల్చిన వేప కొమ్మల మధ్య నుంచి అందిన సిగ్నల్ చిగురేశాక అందకపోవచ్చు.

ఇంటి డాబా నుంచి కొట్టం కప్పు అడ్డు లేకుండా కనిపిస్తే, ఎదురెదురుగా బిగించే జంట రేడియో డబ్బాలు మేలు. కొన్ని వందల మీటర్లు సులువుగా అందుకుంటాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు; 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట వాడకానికి కేంద్రం 2018లోనే వదిలిపెట్టింది.

చూపు అందని చోట తీగ లాగాల్సిందే. ఇక్కడ జాగ్రత్త కావాలి. మామూలు లాన్ కేబుల్ 100 మీటర్లకు మించి పనిచేయదు. అది రాగి తీగ కాబట్టి దగ్గర్లో పిడుగు పడితే రెండు చివర్లా సామాను కాలిపోతుంది. ఖర్చు తగ్గుతుందని దాన్ని కరెంటు సర్వీసు వైరుతో కలిపి అవే గుంజలకు కట్టడం కొన్ని ఊళ్లలో చూస్తున్నాం. వైరు తొడుగు చిట్లిన రోజు ఆ కరెంటు మనిషికో గొడ్డుకో తగులుతుంది. దయచేసి ఆ పని మానండి. ఫైబర్‌లో కరెంటు పారదు. అయితే పైన వేలాడదీసే రకంలో బరువు మోయడానికి ఉక్కు తీగ ఉంటుంది. లోహం లేని రకం అడిగి, రోటవేటరు తగలనంత లోతున పైపులో వేయించండి. పైపు లేకపోతే పందికొక్కులు కొరికేస్తాయి.

మోటారు షెడ్డుకు మరో చిక్కుంది. ఆంధ్రలో వ్యవసాయ కరెంటు ఇచ్చేది 9 గంటలు, అదీ పగటిపూట. దొంగలు తిరిగే వేళకు కెమెరా నిద్రపోతుంది. చిన్న సోలార్ పలక, బ్యాటరీ కూడా లెక్కలో వేసుకోవాలి.

ఈ ఖర్చంతా రైతు నెత్తినే ఎందుకు పడాలి? ఇంటి కనెక్షన్ ఇచ్చేటప్పుడే అదే ఇంటివారి కొట్టానికి, షెడ్డుకు రెండో కొస లాగి ఇవ్వాలి. దానికి వేరే నెల అద్దె వసూలు చేయకూడదు. కౌలు రైతుకు భూమి కాగితం చూపమనే షరతు పెట్టకూడదు. పశుసంవర్ధక శాఖ సబ్సిడీ సామాను జాబితాలో రేడియో డబ్బాలు, సోలార్ పలకలు చేర్చాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఇంటింటికీ తిరగాలి. నెట్ ఉన్న ఇళ్లెన్ని, కొట్టం ఎన్ని మీటర్ల దూరం, మధ్యలో అడ్డేముంది, రాత్రి కరెంటు ఉంటుందా అన్న నాలుగు సంగతులు రాసి మండల కమిటీకి పంపండి. ఆ జాబితాతోనే కలెక్టర్లను కలుస్తాం.