మూసీ దగ్గర ఆగిన రైలు

జూబ్లీ బస్‌స్టేషన్ నుండి బయలుదేరిన మెట్రో, 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ చేరి అక్కడే ఆగింది. ఫలక్‌నుమా దాకా మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి ప్రణాళికలోనివే. వాటికి శంకుస్థాపన 2024 మార్చి 8న గాని జరగలేదు.

పాతబస్తీవారి అభ్యంతరాల వల్లనే ఆలస్యమైందని చాలామంది మిత్రులు అంటుంటారు. అభ్యంతరాలు వచ్చిన మాట వాస్తవమే. సుల్తాన్‌బజారు వర్తకులూ తీవ్రంగానే ప్రతిఘటించారు. అయినా అక్కడ రైలు నడుస్తోంది కదా!

దారుల్‌షిఫా నుండి శాలిబండ వరకు దారి మరీ ఇరుకు. విస్తరణకై 2025లో కూల్చివేతలు మొదలయ్యాయి. ఆస్తి యజమానికి పరిహారముంటుంది, సరే. అతని అరుగుమీద అద్దెకు కూర్చుని గడియారాలు బాగుచేసుకునేవాని మాటేమిటి? రాబోయే స్టేషన్లలో తొలి దుకాణాలు, పాత అద్దెకే, అటువంటివారికి దక్కాలని నా అభిప్రాయం. మీరేమంటారు?