తడిసిన తాడు బలము

ఖిల్లా ఘణపూర్ దుర్గము క్రింది చేలలో మోట గిలకలపై ఎద్దులు లాగిన మోకులు నేడు కానరావు. రాతిపొరలను తొలిచి దింపిన బోరులలో, కంటికి కనబడని లోతున, పైపు తెగినచో మోటరు పాతాళమున పడిపోకుండ పట్టి నిలుపునది ఇప్పుడు ప్లాస్టిక్ తాడొక్కటియే. అట్టి తాడును దాని గుణమెఱుంగక, వెలయు తూకమును మాత్రము చూచి కొనుట మన రైతులు మానవలసిన అలవాటు.

నీట నానిన తాళ్ళన్నియు ఒక్కరీతిగ నుండవు. నైలాను నీటిని పీల్చును. తడిసినపుడు అది తన బలములో ఇంచుమించు 10 నుండి 15 శాతము కోల్పోవుటయే గాక, బరువు పడిన కొలది మరింత సాగును. పాలీప్రొపిలీను నీటిని పీల్చదు, నీటిపై తేలును; కాని ఎండకు పెళుసగును. కావున లోతున నీరు చేయని చెరుపు కేసింగు మూతికడ, ఎండ నేరుగ తగులు ముడివద్ద జరుగుచుండును. అచ్చట గోటితో గీచి చూడుడు: తెల్లని పొట్టు రాలినను, పోగులు తెగి పైకి లేచినను ఆ తాడునకు ఆయువు తీరినట్లే. ముడి వేసినంత మాత్రముననే తాడు బలము సగమువఱకు తగ్గునన్న సంగతియు మఱవరాదు.

తడి చేయు చెరుపు బోరు తాళ్ళకే పరిమితము గాదు. హిమాలయ మార్గములలో దిగబడిన బండ్లను లాగు విన్చీలకు నేడు డైనీమా వంటి గట్టి ప్లాస్టిక్ పోగుల తాళ్ళను వాడుచున్నారు. అదే బలముగల ఉక్కుతాడు బరువులో ఇవి దాదాపు ఏడవ వంతు. నీటిని పీల్చవు, చలికి బలము తగ్గదు. అయినను అల్లిక సందులలో నిలిచిన నీరు గడ్డకట్టినపుడు తాడు కఱ్ఱవలె బిగిసి డ్రమ్ముపై సరిగా చుట్టుకొనదు. మంచుపలుకులు పోగులను లోలోపల రాచును. అందుచేత తడిసిన తాడును విప్పి, నీడన ఆరబెట్టి చుట్టుట అచ్చటి నియమము. ఘణపూర్‌లో నీరు గడ్డకట్టదు గాని, పురుల నడుమ దూరిన ఎఱ్ఱమట్టి యిసుక ఆ రాపిడినే చేయును. మోటరు పైకి తీసిన ప్రతిసారి తాడును మంచినీట కడుగుట వ్యర్థశ్రమ గాదు.

నైలాను తాళ్ళకు, పాలీప్రొపిలీను తాళ్ళకు భారతీయ ప్రమాణాల సంస్థ వేర్వేరు ప్రమాణములను విధించియున్నది. అంగడివారు తాడు ఏ సరకుతో చేసినదో, ఎంత బరువునకు తెగునో చీటీపై వ్రాసి యిచ్చుట ధర్మము. అట్టి చీటీ లేని తాడును రైతు కొనకుండుట వివేకము. సాగిన తాడు తెగినచో కొరడావలె వెనుకకు కొట్టును గనుక, మోటరు లాగునపుడు దాని వరుసలో ఎవ్వరును, ముఖ్యముగ పిల్లలు, నిలువకుండ చూడవలెనని బోరు మేస్త్రీలకు నా మనవి.