శాతం వేరు, పాయింటు వేరు

ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. పది శాతం తగ్గిందని అంతా సంబరపడ్డాం. ఆ మాట పట్టుకుని షాపుకెళ్ళినవాడి లెక్క చూడండి. పన్ను కాకుండా 40 వేలున్న ఏసీ పాత పన్నుతో 51,200. అందులో పది శాతమంటే 5,120 తగ్గాలి. తీరా బిల్లులో తగ్గింది 4 వేలే. మిగతా 1,120 షాపువాడు నొక్కేశాడని అనుమానం! పాపం, అతను పైసా ముట్టలేదు. 40 వేల మీద 18 శాతం పన్ను 7,200, మొత్తం 47,200. బిల్లు సరిగ్గానే ఉంది, మనం అన్న మాటే తప్పు.

ఇంగ్లీషువాళ్ళు పర్సెంట్ వేరు, పర్సంటేజ్ పాయింట్ వేరు అంటారు. 28 నుంచి 18కి దిగితే తగ్గింది పది పాయింట్లు. శాతాల్లో చెప్పాలంటే పన్ను దాదాపు 36 శాతం తగ్గింది, ఏసీ ధర 7.8 శాతం తగ్గింది. దేనిలో శాతమో చెప్పకుండా ‘పది శాతం’ అనేస్తే ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఎన్నికల విశ్లేషణల్లో ఈ జబ్బు ఇంకా ముదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 2019 అసెంబ్లీ ఎన్నికల్లో 49.95 శాతం ఓట్లొచ్చాయి, 2024లో 39.37 శాతం. ‘పదిన్నర శాతమేగా తగ్గింది, సీట్లు 151 నుంచి 11కి ఎలా పడ్డాయి?’ అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తగ్గింది పదిన్నర పాయింట్లు స్వామీ! పాత వాటాలో అయిదో వంతుకు పైగా పోయినట్టు. ప్రత్యర్థులు కూటమి కట్టడం వంటి కారణాలు వేరే ఉన్నాయనుకోండి, అవి మరో వారం.

బ్యాంకులవాళ్ళు మాత్రం జాగ్రత్తపరులు. పాయింటును కూడా వంద ముక్కలు చేసి బేసిస్ పాయింట్లన్నారు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6 నుంచి 5.5కి దించి, 50 బేసిస్ పాయింట్ల కోత అంది. దాన్ని మనం అర శాతం అనేస్తాం. ఉన్న రేటులో ఆ కోత 8 శాతం పైమాటే.

‘శాతం పాయింట్లు’ అని తెలుగులో రాసేవాళ్ళు లేకపోలేదు. హెడ్డింగులో అంత చోటెక్కడిదని డెస్కులో మిత్రులు విసుక్కుంటారు. సరే, ఆ మాట వద్దు. ‘28 నుంచి 18కి’ అని రెండంకెలూ వేసేయండి. మిగతా లెక్క చదివేవాళ్ళే చేసుకుంటారు.