మాయా బేకు ఆ విరామం ఉండాల్సిందే

థాయ్‌లాండ్‌లోని ఫీఫీ లే దీవిలో మాయా బే ఓ చిన్న ఇసుక తీరం. 2000లో ‘ది బీచ్’ సినిమా వచ్చాక జనం పోటెత్తారు. రోజుకు 5,000 మంది దాకా దిగేవారు. పడవల లంగర్లకు పగడాలు విరిగిపోయాయి. 2018 జూన్‌లో నాలుగు నెలలకని మూసిన తీరాన్ని మళ్లీ తెరిచింది 2022 జనవరిలోనే. మనుషుల సందడి లేని ఆ మూడున్నరేళ్లలో నల్లంచు రెక్కల సొరచేపలు ఒడ్డు దాకా తిరిగొచ్చాయి. ఎంత మంచి కబురు! ఇప్పుడు పడవలు దీవి వెనకే ఆగాలి, నీళ్లలో ఈత కుదరదు, ఏటా ఆగస్టు, సెప్టెంబరులో ప్రవేశమే లేదు. పర్యాటకుల మీదే బతికే పడవవాళ్లకు ఆ రెండు నెలలూ కష్టమే. వారికి ప్రభుత్వం వేరే పని చూపాలి. అంతేగానీ, ఈ ఆంక్షల్లో ఒక్కటీ సడలించకూడదు.